సాక్ష్యం ఆమెది, వీడియో ఎవరిది?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మా సంఘంలో మీడియా పని నేనే చూస్తాను. కెమెరా, సౌండ్, లైవ్, యూట్యూబ్ ఛానల్ అన్నీ నావే. జీతం ఏమీ లేదు, ప్రభువు సేవ అనుకుని చేస్తున్నాను. కొన్ని నెలల క్రితం ఆదివారం ఆరాధనలో ఒక అక్క లేచి సాక్ష్యం చెప్పారు. భర్త తాగుడు, కొట్టడం, ఒక రాత్రి చచ్చిపోదామనుకోవడం, ప్రార్థనలో ధైర్యం దొరకడం, అన్నీ ఏడుస్తూ చెప్పారు. వింటున్న అందరికీ కళ్లు చెమర్చాయి. అందులో ఒక నిమిషం ముక్క కట్ చేసి షార్ట్‌గా పెట్టాను. ఎప్పుడూ వందలు దాటని మా ఛానల్లో అది లక్షలు దాటింది. తిరిగి తిరిగి ఆమె అత్తవారి ఫోన్లకు చేరింది. అప్పటినుంచి ఆమె సంఘానికి రావడం లేదు, నా ఫోన్ ఎత్తడం లేదు. తీసేద్దామంటే మా పాస్టర్ గారు, "ఎంతమంది ఆదరణ పొందుతున్నారో కామెంట్లు చూడు, దేవుని పనికి అడ్డు రాకు" అన్నారు. పెద్దలేమో లైవ్ మొదలుపెట్టాకే కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, ఛానలే మూసేయండి అంటున్నారు. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య పాస్టర్ గారి ప్రసంగాలు ఏఐ రాస్తోంది. ఆయన ల్యాప్‌టాప్ నేనే చూస్తాను కాబట్టి తెలిసింది. ఆదివారం అవి వింటుంటే ఆమేన్ అనడానికి నోరు రావడం లేదు. ఈ పని మానేయాలా?
– మీడియా టీమ్‌లో ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ వీడియోను ఈరోజే ప్రైవేట్‌లో పెట్టు. అన్‌లిస్టెడ్ అని ఇంకో ఆప్షన్ కనిపిస్తుంది, అది పనికిరాదు. లింకు ఉన్న ప్రతివాళ్లకూ తెరుచుకుంటుంది, ఆ లింకు ఇప్పటికే ఎన్ని చేతులు మారిందో తెలియదు. పాస్టర్ గారికి చెప్పే చెయ్యి, చాటుగా వద్దు. "అయ్యగారూ, ఆమెను అడగకుండా పెట్టింది నేను. ఆమె ఏమంటారో తెలిసేదాకా ప్రైవేట్‌లో ఉంచుతున్నాను. తర్వాతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం" అను. కోపం వస్తే రానీ. దాచిన వీడియోను ఎప్పుడైనా బయటపెట్టవచ్చు. ఆ ఇంట్లో ఇంకేదైనా జరిగితే దాన్ని వెనక్కి తీసుకోలేం. ఆయన కూడా కాపరే, ఈ మాట నిదానంగా చెబితే వింటారనే అనుకుంటున్నాను.

ఆ ఆదివారం పూర్తి లైవ్ రికార్డింగ్ కూడా ఛానల్లో ఉండే ఉంటుంది. చాలామంది షార్ట్ తీసేసి అది మరచిపోతారు. యూట్యూబ్ స్టూడియోలో ఎడిటర్ తెరిచి ఆ భాగం కత్తిరించు. మీ ఫేస్‌బుక్ పేజీ, సంఘం వాట్సాప్ గ్రూపు, ఎడిటింగ్ కోసం నీ ఫోన్లో దాచుకున్న ఫైలు, ఎక్కడెక్కడ ఉందో కూర్చుని రాసుకో. ఇతరులు డౌన్‌లోడ్ చేసుకుని తమ ఛానళ్లలో పెట్టుకుని ఉంటే, యూట్యూబ్‌కు ప్రైవసీ ఫిర్యాదు చేసే వీలుంది. కాకపోతే మామూలుగా ఆ ఫిర్యాదు వీడియోలో కనిపించే మనిషే చేయాలి. ఆమెకు ఇష్టమైతే పక్కన కూర్చుని సాయం చేయడానికి మీ సంఘంలో ఒక అక్క కావాలి.

ఇక ఆమె దగ్గరికి వెళ్లడం. ఇక్కడ తొందరపడకు. కొట్టే మనిషి ఆ ఇంట్లో ఉన్నాడని నువ్వే రాశావు. ఆ వీడియో తన పరువు తీసిందనుకునే భర్త ఉన్న ఇంటికి సంఘం వాళ్లు నలుగురు కలిసి వెళ్తే, మీరు వెనక్కి వచ్చాక ఆమెకు ఏమవుతుందో ఆలోచించు. నువ్వు ఫోన్ చేయడం కూడా ఆపు. ఆమె నమ్మే ఆడమనిషి ఎవరైనా, పాస్టర్ అమ్మగారు కానీ స్త్రీల కూటం నడిపే పెద్దావిడ కానీ, ముందు "ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా?" అని మాత్రమే అడగాలి. వాయిస్ మెసేజులు, పొడుగాటి క్షమాపణలు వాట్సాప్‌లో పంపొద్దు. ఆ ఫోన్ ఇంకెవరి చేతిలో ఉందో మనకు తెలియదు.

మాట్లాడే వీలు దొరికాక మొదటి ప్రశ్న వీడియో గురించి ఉండకూడదు. క్షేమంగా ఉన్నావా, మళ్లీ కొడుతున్నాడా అని అడగాలి. ఒక రాత్రి చచ్చిపోదామనుకున్నానని వందమందిలో చెప్పిన మనిషిని, ఆ ఆలోచన మళ్లీ వస్తోందా అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని జనం భయపడతారు కానీ, అలా ఏమీ కాదు. అడిగితేనే చెప్పుకునే దారి దొరుకుతుంది. వస్తోందంటే ప్రార్థన చేసి పంపేయకండి. డాక్టర్ దగ్గరికి, కౌన్సిలర్ దగ్గరికి వెంట వెళ్లండి. దెబ్బలు ఆగలేదంటే పోలీసులు, మహిళల హెల్ప్‌లైన్, లాయరు కూడా ఆమెకున్న దారులేనని చెప్పండి. ఓర్చుకో అమ్మా, దేవుడు మారుస్తాడు అని ఆమెకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు.

నీ క్షమాపణ ఆ తర్వాత, అమ్మగారి ద్వారానో, ఆమె ఒప్పుకుంటే ఎదురుగానో. "అక్కా, అడగాల్సింది, అడగలేదు. తప్పు నాది" అని ఆపెయ్యి. దానివల్ల ఎంతోమంది బాగుపడ్డారు అనే మాట నీ నోట రాకూడదు. మళ్లీ మందిరానికి రమ్మని కూడా అడగకు. ఆమె వేరే సంఘానికి వెళ్తానంటే అక్కడి కాపరితో మాట్లాడి దారి చూపించండి. ఆమె తిరిగి రావడం మీ మనసు తేలికపడటానికి కాదు కదా.

మీ పాస్టర్ గారి మాటను మరీ తీసిపారేయను. ఒకరి సాక్ష్యం విని ఇంకొకరు నిలబడతారు, అది మనం కళ్లారా చూస్తూనే ఉన్నాం. అయితే మార్కు సువార్త ఐదో అధ్యాయం ఆయనా నువ్వూ కలిసి ఒకసారి చదవండి. సమాధుల మధ్య తిరిగిన మనిషి బాగుపడ్డాక వెంట వస్తానని బతిమాలితే, ప్రభువు వద్దని, నీ ఇంటికి వెళ్లి నీవాళ్లకు చెప్పు అన్నాడు. రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడ్డ స్త్రీ వణుకుతూ వచ్చి తన సంగతి తానే చెప్పుకుంది. యాయీరు ఇంటికి వచ్చేసరికి ఆయన పద్ధతే వేరు. ఏడ్చేవాళ్లందరినీ బయటికి పంపేశాడు. తల్లి, తండ్రి, ముగ్గురు శిష్యులు, అంతే. పాప లేచాక ఇది ఎవరికీ తెలియకూడదని గట్టిగా చెప్పి, తినడానికి ఆమెకు ఏమైనా పెట్టండి అన్నాడు. చనిపోయిన పిల్ల లేవడం కంటే పెద్ద సాక్ష్యం ఎవరి దగ్గరుంది? వాకిట్లో జనం నిండి ఉన్నారు, కావాలంటే తలుపు తెరిచి అందరికీ చూపించవచ్చు. ఆ గదిలో ఆయనకు పన్నెండేళ్ల పిల్ల ఆకలి గుర్తొచ్చింది.

మీ కెమెరా లెన్సు ఆ తలుపు లాంటిది. దాన్ని ఎప్పుడు మూయాలో తెలిసిన సంఘం చేతిలోనే అది ఉండాలి.

లక్షల సంగతి కూడా కాస్త చూద్దాం. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో లెక్క మార్చింది. వీడియో ఆడటం మొదలైతే చాలు, ఒక వ్యూ. మళ్లీ మొదటినుంచి ఆడితే ఇంకొకటి. ఎంతసేపు చూశారన్నది ఆ అంకెలో లేదు. ఆమె ముఖం కనిపించగానే వేలితో పైకి తోసేసినవాళ్లు కూడా మీ లక్షల్లో ఉన్నారు. పాస్టర్ గారు కామెంట్లు చూడమన్నారు కదా, నిజంగానే ఇద్దరూ కలిసి చూడండి. ఆమేన్‌లు, చేతులు జోడించిన బొమ్మలు పక్కన పెట్టండి. "మా ఇంట్లోనూ ఇదే, ఎవరికి చెప్పుకోవాలి?" అని రాసినవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. వాళ్లకు ఎవరైనా జవాబిచ్చారా? ఇవ్వకపోతే, ఆదరణ అని మనం అనుకుంటున్నది దారిలో ఎక్కడో ఆగిపోయినట్టే. వీడియో ప్రైవేట్ చేస్తే ఆ కామెంట్లు జనానికి కనబడవు. కాబట్టి ఈరోజు ప్రైవేట్‌లో పెట్టేముందే వాటిని రాసి పెట్టుకుని, ఆ తర్వాత ఒక్కొక్కరికీ సంఘం తరఫున ఫోన్ నంబరు చేరే దారి చూడండి. బహిరంగ కామెంట్ల కింద వాళ్ల కష్టం గురించి ముచ్చట పెట్టకండి.

ఇకముందు ఎలా అంటావా? అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి నుంచి 1921 జనవరి 2న కేడీకేఏ రేడియో ఆరాధనను ప్రసారం చేసింది. చర్చి ఆరాధన రేడియోలో రావడం అదే మొదలు. ఆ రోజు యంత్రాలతో వచ్చిన సాంకేతిక సిబ్బంది ఆరాధనకు అడ్డు అనిపించకూడదని గాయకబృందం అంగీలు తొడుక్కుని కూర్చున్నారట. వందేళ్ల తర్వాత మన దగ్గర ట్రైపాడ్ నడవ మధ్యలోకి వచ్చేసింది, ప్రార్థనలో కళ్లు మూసుకున్నవాళ్ల ముఖాల మీదికి జూమ్ వెళ్తోంది. లండన్‌లో 1953 జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకాన్ని కోట్లమంది టీవీలో చూశారు. అభిషేకం, ప్రభు భోజనం మాత్రం తెరమీద చూపించలేదు. అంత పెద్ద ప్రసారంలోనూ ఇది చూపించవచ్చు, ఇది కూడదు అని ముందే కూర్చుని తేల్చుకున్నారు. మీ సంఘం ఎప్పుడైనా అలా కూర్చుందా?

కూర్చుంటే నేను చెప్పేది ఇది. సాక్ష్యాలు, ప్రార్థన అవసరతలు చెప్పే సమయం లైవ్‌లో ఉండకూడదు. లైవ్ నడిపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఆ సమయానికి ఒక సీన్ ముందే తయారు చేసి పెట్టుకో, తెరమీద "కాసేపట్లో వాక్యం" అని ఉంటే చాలు. ఆ సీన్‌లో మైకుల లైన్ కూడా మ్యూట్ అయి ఉందో లేదో హెడ్‌ఫోన్ పెట్టుకుని చూసుకో. బొమ్మ ఆగిపోయి మాట వినబడుతూ ఉన్న లైవ్‌లు నేను చాలా చూశాను, అది ఇంకా ప్రమాదం. ఎవరిదైనా సాక్ష్యం బయట పెట్టాలనిపిస్తే అదే రోజు అడగొద్దు. ఏడ్చి, ప్రార్థన చేయించుకుని, అందరూ చుట్టూ చేరి చేయి పట్టుకున్న సమయంలో మనిషి దేనికైనా సరే అంటుంది. రెండు మూడు రోజులు పోనిచ్చి, కట్ చేసిన ముక్కనే చూపించి, ఇది ఎక్కడ పెడతామో, ఎవరెవరు చూడవచ్చో చెప్పి, కాగితం మీద అడగాలి. ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తామని ఆ కాగితంలోనే ఉండాలి. ఇంకో చిక్కుంది. ఆమె కథలో భర్త ఉన్నాడు, పిల్లలున్నారు. ఆమె ఒప్పుకున్నా వాళ్లు ఒప్పుకోలేదు. కాబట్టి ఇంటి సంగతులున్న సాక్ష్యం ఆమె సంతకం ఉన్నా సరే బయటికి వెళ్లకపోవడమే మంచిది. సండే స్కూల్ పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని అడగకుండా ఫోటో కూడా వద్దు.

పెద్దల మాటకు వస్తాను. ఛానల్ మూసేస్తే కుర్చీలు నిండుతాయని వాళ్ల ఆశ. నాకు ఆ నమ్మకం లేదు. ముందు ఇంట్లో కూర్చుని చూస్తున్నది ఎవరో పేర్లతో రాయండి. మంచం పట్టిన ముసలాయన, రాత్రి డ్యూటీ చేసి తెల్లారి ఇంటికొచ్చే నర్సు, చంటిబిడ్డ తల్లి, సంఘంలో ఎవరితోనో మాటామాటా వచ్చి మొహం చాటేసిన కుటుంబం, పక్క మీద నుంచి లేవడానికి బద్ధకించేవాడు. వీళ్లందరికీ ఒకే మందు వేస్తే కుదరదు. చివరివాణ్ని వదిలేస్తే, మిగతావాళ్లలో ప్రతి ఒక్కరి దగ్గరికీ ఒక మనిషి వెళ్లాల్సిన పని ఉంది. "సమాజముగా కూడుట మానక" అనే మాటను పెద్దలు మంచంలో ఉన్నవాళ్ల మీద కూడా విసురుతుంటారు. హెబ్రీ పత్రికలో దానికి ముందు వచనం కూడా చదవాలి కదా. ప్రేమ చూపడానికి, మంచి పనులు చేయడానికి ఒకరినొకరు పురికొల్పుకోమని అక్కడ ఉంది. మీ ఆరాధనలో ఆ ఒకరినొకరు అనేది ఎక్కడుంది? వచ్చి, పాటలు పాడి, వాక్యం విని, చెప్పులేసుకుని వెళ్లిపోవడమే అయితే, ఇంట్లో చూసేవాడికి పోయేది పెద్దగా ఏమీ లేదు. వాడు బద్ధకస్తుడే కావచ్చు, లెక్క మాత్రం సరిగ్గానే వేసుకున్నాడు.

అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో ఐతుకు అనే కుర్రాడున్నాడు. పౌలు ప్రసంగం అర్ధరాత్రిదాకా సాగింది. కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రలోకి జారి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. మనవాళ్లు ఈ కథ చెప్పి ఆరాధనలో కునుకు తీసేవాళ్లను భయపెడుతుంటారు. నాకైతే అందులో వేరే సంగతి కనబడుతుంది. పడినట్టు తెలిసింది. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగాడు, కుర్రాణ్ని కౌగిలించుకున్నాడు. లైవ్ చూస్తూ ఒకడు లోపల కూలిపోతే ఈ పక్కన నీకు కనిపించేది 43 నుంచి 42కు తగ్గిన అంకె, అంతే. రెండో యోహాను పత్రిక రాసినాయన కూడా చెప్పాల్సింది చాలా ఉన్నా సిరాతో, కాగితంతో రాయడం ఇష్టం లేదనీ, వచ్చి ముఖాముఖి మాట్లాడాలని ఉందనీ అంటాడు. ఆ మాట చెప్పడానికి ఆయన వాడింది మళ్లీ ఉత్తరాన్నే, అది వేరే సంగతి. దూరంగా ఉన్నవాళ్లకు ఉత్తరం పంపడం అపొస్తలులు మానలేదు. ఉత్తరం పంపాం కాబట్టి వెళ్లక్కర్లేదు అని మాత్రం వాళ్లు అనుకోలేదు.

అందుకని ఛానల్ మూయకండి, దాని పని మార్చండి. ఆదివారం లైవ్‌ను అన్‌లిస్టెడ్‌గా పెట్టి (ఇక్కడ ఆ ఆప్షన్ పనికొస్తుంది) రాలేనివాళ్లకు మాత్రమే లింకు పంపండి. నెలకోసారైనా ఒక పెద్ద వాళ్లింటికి వెళ్లి, పక్కన కూర్చుని కలిసి చూడాలి. జనానికి వాక్యం ఒక్కటే, మర్నాడు, ఆడియోనో వీడియోనో పెట్టండి. ఎక్కడో దూరాన ఉండి మీ ప్రసంగాలు వినేవాళ్లు ఫోన్ చేస్తే, మా ఛానల్ ఫాలో అవండి అని ఆపేయకుండా, వాళ్లకు దగ్గర్లో మంచి సంఘం వెతికి పెట్టండి. వాళ్లింట్లో ఎవరైనా పోతే వెళ్లి కూర్చోవలసింది అక్కడివాళ్లే. పాటల విషయం ఒక్క మాటలో చెబుతాను. మందిరంలో పాడుకోవడానికి ఉన్న అనుమతి ఆన్‌లైన్ ప్రసారానికి వర్తిస్తుందని అనుకోకు. పాట హక్కుదారులు కాపీరైట్ క్లెయిమ్ వేస్తే వీడియో ఆగిపోవచ్చు, దానికి విశ్వాసులకు వచ్చిన శ్రమ అని పేరు పెట్టి ఉపవాస ప్రార్థన పెట్టాల్సిన పనిలేదు.

ఏఐ సంగతి. ల్యాప్‌టాప్‌లో చూసింది ఎవరికీ చెప్పకపోవడం మంచి పని చేశావు, ఇకముందూ చెప్పకు. ఎవరి సామాను సర్దే పని మన చేతికిచ్చారో వాళ్ల గుట్టు కూడా మన చేతికిచ్చినట్టే. ఆయన దగ్గరికి ఒక్కడివే వెళ్లు. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరస అదే కదా, ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు. "అయ్యగారూ, ల్యాప్‌టాప్ చూస్తుంటే కనబడింది, ఎవరికీ చెప్పలేదు. మీకు వారమంతా ఎలా గడుస్తోంది?" అని అడుగు. నిందించకుండా అడుగు. ఎందుకంటే నాకో అనుమానం ఉంది. ఆదివారం ప్రసంగం, మధ్యలో ఉపవాస కూటం, గృహ కూటాలు, ఆసుపత్రి, సమాధి కార్యక్రమం, తగాదాలు, వీటన్నిటి మీద రోజుకో షార్ట్ కావాలని ఆయన్ని అడుగుతున్నది ఎవరు? ఛానల్ ఆకలి తీర్చడానికే ఆయన ఏఐ దగ్గరికి వెళ్లి ఉంటే, అందులో మన మీడియా వాళ్లకూ వాటా ఉంది.

ఇతరుల ప్రసంగం తెచ్చి వినిపించడం కొత్తేమీ కాదు. 1547లో ఇంగ్లండ్ చర్చి ప్రసంగాలు అచ్చేయించి ఆరాధనల్లో చదవమని పాదిరులకు ఆదేశమిచ్చింది. చదివేది అచ్చు ప్రసంగమని అందరికీ తెలుసు, అక్కడ దాపరికం లేదు. 2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్‌లో ఒక చర్చిలో దాదాపు మొత్తం ఆరాధనను చాట్‌జీపీటీతో తయారు చేయించి, తెరమీద బొమ్మల చేత చెప్పించారు. నలభై నిమిషాలు, మూడు వందల మందికి పైగా వచ్చారు. అదీ బాహాటంగా, అందరికీ చెప్పి చేసిన ప్రయోగమే. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలో కాథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ పాదిరి వేషంలో ఒక ఏఐ బొమ్మను పెట్టింది. ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పెట్టిన ఆ బొమ్మ పాప సంకీర్తనాలు (పాదిరి ముందు పాపాలు ఒప్పుకోవడం) కూడా వినడానికి సిద్ధమైపోయేసరికి, కొద్ది రోజుల్లోనే దాని పాదిరి అంగీ, పదవి తీసేసి మామూలు మనిషిలా మార్చారు.

నా అభిప్రాయం చెబుతాను, మీ పాస్టర్ గారికి నచ్చకపోవచ్చు. సంబంధమున్న వచనాలు వెతకడానికి, వాక్యభాగం నేపథ్యం తెలుసుకోవడానికి, చెవుడు ఉన్నవాళ్లకోసం సబ్‌టైటిల్స్ వేయడానికి ఏఐని వాడితే నాకే అభ్యంతరం లేదు. అది చెప్పిన ప్రతి రిఫరెన్సూ బైబిలు తెరిచి చూసుకోవాలి. లేని వచనాన్ని, ఏ భక్తుడూ అనని మాటను ఎంతో ధీమాగా రాసిచ్చే అలవాటు దానికుంది. సంఘంలో ఫలానా కుటుంబంలో ఇలా జరిగింది, దీనిమీద వాక్యం సిద్ధం చెయ్యి అని వాళ్ల సంగతులు అందులో టైప్ చేయకూడదు. అది వేదిక మీద చెప్పేయడం లాంటిదే. ఇక మొత్తం ప్రసంగం రాయించుకోవడం అంటావా, అందులో నాకు కనబడే ఇబ్బంది తప్పులు కాదు. ఓర్పు మీద అది చక్కని ప్రసంగం రాసిస్తుంది, మూడు పాయింట్లు, చివర ప్రార్థన కూడా. ఆ ఉదయం మూడో వరసలో, జబ్బ మీద కమిలిన గుర్తు కొంగుతో కప్పుకుని ఒకావిడ కూర్చుందని దానికి తెలియదు. కాపరికి తెలుసు, తెలియాలి. తెలిస్తే ఓర్పు అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, దెబ్బలు తినమని దేవుడు చెప్పలేదు అని ఒక వాక్యం కలుపుతాడు. ఆ ఒక్క వాక్యం కోసమే జనం అంత పొద్దున్నే లేచి, పిల్లల్ని తయారు చేసుకుని మందిరానికి వస్తారు.

ఆయన అలసిపోయి ఉంటే దానికి మందు వేరే ఉంది. వారానికి ఒక్క ప్రసంగం ఆయన సొంతంగా సిద్ధపడేలా, మిగతా కూటాల్లో పెద్దలు వంతులు వేసుకుని వాక్యం చెప్పేలా చూడమని నువ్వే సాయం అడుగు. షార్ట్‌లు వారానికి ఒకటి చాలు, ఏ వారమైనా లేకపోయినా పరవాలేదు. ఆయన కాదు కూడదంటే, రాయించుకున్నానని సంఘానికి చెప్పేయమను. రెండూ కుదరవంటే అప్పుడు పెద్దల్లో నమ్మకస్తుణ్ని ఒకణ్ని వెంట తీసుకెళ్లు. అంతదాకా రాదనే నా ఆశ. ఆమేన్ సంగతి అంటావా, వచనం నిజమైతే ఆమేన్ ఆ వచనానికి చెప్పు, ఎవరు టైప్ చేశారన్నది తర్వాత తేలుతుంది.

పని మానేయాలా అని అడిగావు. వద్దు. కానీ ఒక నెల ఆదివారాలు కెమెరా వేరే ఎవరికైనా నేర్పి అప్పగించి, నువ్వు వెళ్లి జనంలో కూర్చో. లెన్సులోంచి ఆరాధన చూడటం అలవాటైనవాళ్లకు ఏ ముఖం తెరమీద బాగా పండుతుందో తెలిసిపోతుంది, ఆ ముఖం వెనక మనిషి మాత్రం దూరమవుతుంది. ఈ జబ్బు మా తరం మైకు వాళ్లకూ ఉండేది.

నువ్వు అడగని సంగతి ఒకటి ఉంది. ఛానల్ నీ సొంత మెయిల్ మీద ఉందేమో చూసుకో. ఉంటే సంఘం పేరు మీద ఒక మెయిల్ తెరిచి దానికి మార్చండి, పెద్దల్లో ఇద్దరికి అందులోకి వెళ్లే వీలుండాలి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకోసారి సరిచూసుకునే ఏర్పాటు) ఆన్ చేసి ఉండాలి. కానుకల క్యూఆర్ కోడ్ తెరమీద వేస్తుంటే, ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో, లెక్క ఎవరెవరు చూస్తారో సంఘానికి చెప్పండి. పాస్టర్ గారి ఫోటో పెట్టుకుని దొంగ అకౌంట్లు తెరిచి విశ్వాసుల్ని డబ్బు అడిగే మోసగాళ్లు చాలాచోట్ల తయారయ్యారు. ఇప్పుడు గొంతు కూడా అచ్చం దించేస్తున్నారు. మన పాస్టర్ గారు మెసేజ్‌లో ఎప్పుడూ డబ్బు అడగరు, అడిగినట్టు వస్తే పంపేముందు ఆయన పాత నంబరుకు ఫోన్ చేయండి అని వచ్చే ఆదివారం ప్రకటనల్లోనే చెప్పించు.